బండి గొప్పా? తోలేవాడు గొప్పా?

పొడంపేట సముద్రపు ఒడ్డున ఒకేలాంటి ఫైబరు పడవలు రెండు బయల్దేరితే, ఒకటి అలల్ని దాటేస్తుంది, ఇంకోటి తడబడుతుంది. ఏ అల విరిగాక ఇంజను జోరు పెంచాలో తెలియడంలోనే ఉంది కిటుకు. కారు పందేల్లోనూ ఇంతేనా?

ఫార్ములా వన్‌లో అంత తేలిక కాదు. ఏ జట్టు కారు రూపాన్ని ఆ జట్టే తీర్చిదిద్దుకుంటుంది. గాలి కారును నేలకేసి గట్టిగా నొక్కేలా రూపం ఉంటే, మలుపులో టైర్లు జారవు, వేగం పెద్దగా తగ్గించక్కర్లేదు. 2020లో డ్రైవరు జార్జ్ రస్సెల్ విలియమ్స్ జట్టు కారులో ఒక్క పాయింటూ లేక వెనకే ఉండేవాడు. మెర్సిడెస్ డ్రైవరు హామిల్టన్‌కి కోవిడ్ రావడంతో బహ్రెయిన్‌లో ఒక్క పందేనికి రస్సెల్‌కి ఆ కారు దొరికింది. రెండో స్థానంలో బయల్దేరి, చాలాసేపు అందరికంటే ముందున్నాడు. వారంలో మనిషి మారిపోడు కదా!

అలాగని అంతా కారే అనుకోకండి. 2023లో రెడ్‌బుల్ జట్టు 22 పందేల్లో 21 గెలిచింది. వెర్‌స్టాపెన్‌వి 19, అదే కారు తోలిన పెరెజ్‌వి రెండే. నన్నడిగితే, ముందు వరుసకు చేర్చేది కారు, అక్కడ తేల్చేది మనిషి.

మరి కార్లు చాలావరకు ఒకేలా ఉంటే? అదే ఏడాది ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల పందెం ‘ఫార్ములా ఈ’ జరిగింది. అక్కడ చట్రం, బ్యాటరీ, టైర్లు అందరికీ ఒకటే. వెనక మోటారు, సాఫ్ట్‌వేర్ మాత్రం జట్టును బట్టి మారతాయి. వేగం తగ్గిస్తుంటే మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపుతుంది. కాబట్టి పెడల్ మీంచి కాలు ఎప్పుడు తీయాలన్నదే అసలు విద్య. హైదరాబాద్‌లో వెనక కాసిడీ అనే డ్రైవరు తరుముతున్నా దారివ్వకుండా, అర సెకనులోపు తేడాతో వెర్న్ అనే డ్రైవరు గెలిచాడు.