పేరు కుదిరితేనే పాత చీరకు గిరాకీ

* ఆన్‌లైన్‌లో ఫొటో పెట్టినా అడిగేవారు లేరా?
* అమ్మేవారు రాసే మాట ఒకటి... కొనేవారు వెతికే మాట మరొకటి
* సరిహద్దు ఊళ్లలో మనవాళ్లకున్న నాలుగు భాషలే పెట్టుబడి

పెళ్లికి ఒకసారి, గృహప్రవేశానికి ఒకసారి కట్టి మడత పెట్టేసిన పట్టుచీరలు ప్రతి ఇంటి బీరువాలోనూ రెండో మూడో ఉంటాయి. మడతల దగ్గర చీలిపోకముందే అమ్మేద్దామంటే, వీధుల్లో తిరిగే జరీ కొనేవాళ్లే దిక్కు. వాళ్లు చీరను చీరగా చూడరు. కాలిస్తే ఎంత వెండి వస్తుందన్నదే వాళ్ల లెక్క. మామూలు చీరలైతే ఓ స్టీలు గిన్నె చేతిలో పెట్టి మూట కట్టుకుపోతారు. అదే చీరను కట్టుకునే మనిషికి అమ్మితే ధర వేరు. ఆ మనిషి ఎక్కడో హోసూరులోనో, షోలాపుర్‌లోనో ఫోను పట్టుకుని అలాంటి చీర కోసమే వెతుకుతూ ఉండొచ్చు. ఆమె వెతుకులాటలో మన చీర కనిపించాలి. చిక్కంతా అక్కడే.

ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, ఇన్‌స్టాగ్రామ్... బళ్లారి నుంచి బరంపురం దాకా ఇళ్లలో ఉండే ఆడవాళ్లు పాత బట్టలు అమ్మకానికి పెడుతున్న చోట్లివే. రెండు ఫొటోలు తీసి, 'పట్టుచీర, బాగుంది, కావాల్సినవారు ఫోన్ చేయండి' అని రాసి ఊరుకుంటున్నారు. వారం గడిచినా ఫోను మోగదు. చీర బాగాలేక కాదు, రాసిన తీరు బాగాలేక!

వెతుకులాట ఎలా సాగుతుంది?

దుకాణంలో అయితే 'అమ్మా, తేలిక రంగులో కంచి చీర చూపించు' అంటే కొట్టు మనిషికి అర్థమవుతుంది. ఆన్‌లైన్‌లో కొట్టు మనిషి ఉండడు. కొనేవారు కొట్టిన మాటలు మీరు రాసిన మాటలతో కలుస్తున్నాయా లేదా అని యంత్రం చూస్తుంది. ముందు శీర్షిక, ఆ తర్వాత విభాగం, రంగు, కొలత, ధర, ఊరు. అన్నీ కలిసిన సరుకును పైన చూపిస్తుంది. కలవనిది ఎక్కడో అడుగున పడుతుంది. అంత దూరం ఓపిగ్గా దిగి చూసేవారు తక్కువ. 'బాగుంది', 'సూపర్', 'అర్జెంట్ సేల్' అని ఎన్నిసార్లు రాసినా లాభం లేదు. ఎందుకంటే చీర కావాల్సినవారు 'సూపర్' అని వెతకరు. 'ధర్మవరం', 'మెరూన్', 'పెద్ద అంచు' అని వెతుకుతారు.

ఒకే చీర... అయిదు పేర్లు

మన ఊళ్లలో ఇంకో తిరకాసు ఉంది. అమ్మేవారు తెలుగువారు. కొనేవారు తమిళులో, కన్నడిగులో, ఒడియా వారో, మరాఠీ వారో కావచ్చు. మనం 'పట్టుచీర' అంటే తమిళంలో 'పట్టు పుడవై', కన్నడంలో 'రేష్మె సీరె', ఒడియాలో 'పాట శాఢి', మరాఠీలో 'రేశమీ సాడీ'. వీళ్లందరికీ ఉమ్మడి మాట 'సిల్క్ శారీ'. ఆ ఒక్క మాటనూ ఇంగ్లిషులో రెండు రకాలుగా రాస్తారు. కొందరు చివర 'ఇ' అక్షరాన్ని రెండుసార్లు వేస్తారు, కొందరు ఒక్క 'ఐ'తో సరిపెడతారు. కంచి చీర సంగతి చెప్పనే అక్కర్లేదు. కాంచీపురం, కాంజీవరం, కంచి పట్టు... మూడు పేర్లూ జనం నోళ్లలో ఉన్నవే. శీర్షికలో ఒకటి, వివరాల్లో మిగతా రెండూ పెడితే ఎవరు ఎలా వెతికినా చీర దొరుకుతుంది.

చిన్నపిల్లల బట్టల్లో అయితే ఈ తేడా మరీ ఎక్కువ. మనం పట్టు లంగా, పరికిణీ అంటాం. చెన్నైలో 'పట్టు పావాడై' అని వెతుకుతారు. షోలాపుర్‌లో 'పరకర్ పోల్కా' అంటారు. మన లంగా ఓణీ కన్నడంలో 'లంగ దావణి', తమిళంలో 'పావాడై దావణి', ఇంగ్లిషులో 'హాఫ్ శారీ'. పంచె తమిళంలో 'వేష్టి'. అమ్మమ్మల నాటి తొమ్మిది గజాల చీరకు తమిళనాట 'మడిసార్' అని, మహారాష్ట్రలో 'నౌవారి' అని పేరు. కట్టే తీరు వేరైనా పొడవు దగ్గర దగ్గరే. కాబట్టి పాత తొమ్మిది గజాల చీరకు ఈ మూడు పేర్లూ రాస్తే మూడు రాష్ట్రాల గిరాకీ తగులుతుంది.

రంగులూ అంతే. మన వంకాయ రంగు తమిళంలో 'కత్తరిప్పూ', ఇంగ్లిషులో 'పర్పుల్'. నెమలికంఠం రంగుకు 'పీకాక్ బ్లూ', చిలకాకుపచ్చకు 'ప్యారట్ గ్రీన్' అనీ రాయాలి. తమిళులు ముదురు ఎరుపును 'అరక్కు' అంటారు. రెండు అంచులూ రెండు రంగుల్లో ఉన్న చీరను మనం గంగాజమున అంచు అంటే, కంచి వైపు 'రెట్టపేట్' అంటారు. మనకు ఇవన్నీ బజారులో, పక్కింట్లో రోజూ వినపడే మాటలే. రాయడానికే గుర్తు రావు!

ఇంకో సంగతి. సరిహద్దు ఇవతల మనవాళ్ల పిల్లలు చాలామంది తమిళంలోనో కన్నడంలోనో చదువుకున్నారు. తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ, తెలుగు అక్షరాలు చదవలేరు. వాళ్లు తెలుగు మాటను కూడా ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టి వెతుకుతారు. అందుకే శీర్షిక ఇంగ్లిషు అక్షరాల్లో ఉంచి, తెలుగు లిపిలో ఒక వాక్యం వివరాల్లో చేర్చడం మేలు.

శీర్షికలో ఏముండాలి?

ముందు రకం, తర్వాత రంగు, అంచు, కొలత, స్థితి. ఈ వరస గుర్తుంచుకుంటే చాలు. 'పాత పట్టుచీర అమ్మబడును' అన్నదాన్ని ఇలా మార్చి చూడండి: 'ధర్మవరం సిల్క్ శారీ, పర్పుల్, పెద్ద జరీ అంచు, బ్లౌజుతో, రెండుసార్లు కట్టినది'. ఇందులో వృథా మాట ఒక్కటీ లేదు. ప్రతి మాటా ఎవరో ఒకరు వెతికేదే. అన్నిటికన్నా ముఖ్యమైన మాటను మొదట్లో పెట్టాలి. ఫోను తెరపై పొడవాటి శీర్షిక చివర తెగిపోతుంది మరి.

వాడిన బట్టలని చెప్పడానికీ రకరకాల మాటలున్నాయి. పెద్దవాళ్లు 'సెకండ్ హ్యాండ్' అని, ఇన్‌స్టాగ్రామ్ కుర్రకారు 'థ్రిఫ్ట్', 'ప్రీ లవ్డ్' అని వెతుకుతారు. 'వింటేజ్' మాత్రం నిజంగా పాతకాలపు చీరకే వాడాలి. నిరుడు కొన్న చీరకు వింటేజ్ అని తగిలిస్తే చూసినవారు నవ్వుకుని వెళ్లిపోతారు.

గడులు ఖాళీగా వదలొద్దు

రంగు, బట్ట, కొలత, స్థితి అంటూ అమ్మకపు సైట్లు గడులు ఇస్తాయి. చాలామంది విసుగుతో దాటేస్తారు. కొనేవారు 'ఎరుపు మాత్రమే చూపించు' అని ఎంచుకున్నప్పుడు, రంగు గడి నింపని ఎర్రచీర ఆ జాబితాలోకి రాకుండా పోవచ్చు. మామూలు చీర అయిదున్నర మీటర్లు, జాకెట్టు ముక్కతో కలిపితే ఆరుంపావు దాకా ఉంటుంది. అయినా టేపుతో కొలిచి రాయండి. కుట్టిన జాకెట్టుకు 'మీడియం' అంటే ఎవరికీ అర్థం కాదు. ఛాతీ ఎన్ని అంగుళాలు, చేతి పొడవెంత, లోపల వదులు చేసుకోవడానికి బట్ట ఎంత వదిలారు... ఇవి రాయాలి. పిల్లల లంగాకు వయసుతో పాటు పొడవు కూడా చెప్పాలి.

ఫొటో కూడా వెతుకులాటే!

ఇప్పుడు మాటలతోనే కాదు, బొమ్మతోనూ వెతుకుతున్నారు. పెళ్లిలో ఎవరో కట్టిన చీరను ఫొటో తీసి, గూగుల్ లెన్స్‌లో పెట్టి అలాంటిదే ఎక్కడ దొరుకుతుందో చూస్తున్నారు. మీ ఫొటో మసకగా ఉంటే యంత్రానికీ పోలిక దొరకదు. ట్యూబులైటు కింద పట్టు రంగు మారిపోతుంది. పగటి వెలుగులో, ఎండ నేరుగా పడని చోట, ఖాళీ గోడ ముందు తీయండి. మొత్తం చీర, కొంగు, అంచు, జాకెట్టు ముక్క, వెనకవైపు నేత, మరక గానీ చిరుగు గానీ ఉంటే దగ్గరగా అది. ఈ ఆరూ ఉంటే అనవసరపు ప్రశ్నలు తగ్గుతాయి. ఎవరి సైటులోదో కొత్త చీర బొమ్మ తెచ్చి పెట్టడం మాత్రం తగదు. సరుకు చేరాక గొడవ తప్పదు.

పేరు కోసం అబద్ధం వద్దు

కంచి పేరు రాస్తే గిరాకీ వస్తుందని ప్రతి పట్టుచీరకూ అదే రాసేవాళ్లున్నారు. ఇది రెండు విధాలా నష్టం. కాంచీపురం, మైసూరు, ధర్మవరం, మొలకాల్మూరు, బరంపురం పట్టులకు భౌగోళిక గుర్తింపు ఉంది. వేరే చీరను ఆ పేరుతో అమ్మడం చట్టరీత్యా చిక్కు. పైగా కొన్నావిడ చీర వెనక్కి పంపి, చెడుగా రాసి పోతే తర్వాత పెట్టే చీరలను ఎవరూ నమ్మరు. ఎక్కడ నేసిందో తెలియకపోతే 'పట్టుచీర, కంచి తరహా అంచు' అని ఉన్నదున్నట్టు రాయండి.

ఆధారం ఉంటే మాత్రం దాచుకోవద్దు. కేంద్ర పట్టు మండలి చొరవతో 2004లో మొదలైన సిల్క్ మార్క్ చీటీ బీరువాలో ఎక్కడో ఉండే ఉంటుంది. వెతికి ఫొటో తీయండి. కర్ణాటక ప్రభుత్వ సంస్థ కేఎస్‌ఐసీ మైసూరు సిల్కు చీరలపై సంఖ్య వేసి ఉంటుంది. అదీ చూపించండి. కొన్నప్పటి బిల్లు ఉంటే మరీ మంచిది. నిజం జరీయో, ఉత్తుత్తి జరీయో తెలియనప్పుడు 'జరీ' అని మాత్రం రాసి ఊరుకోవాలి.

ఎక్కడ ఏ పద్ధతి?

ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లలో ఊరు ముఖ్యం. చుట్టుపక్కల వారికి ముందు కనిపిస్తుంది. కాబట్టి పల్లెలో ఉన్నవారు దగ్గరి పట్నం పేరు కూడా వివరాల్లో రాయాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా పేరులోనే 'సిల్క్ శారీస్' వంటి మాట, ఊరి పేరు ఉంటే వెతికినప్పుడు తగిలే అవకాశం ఎక్కువ. ఫొటో కింద హ్యాష్‌ట్యాగులు గుప్పించే కన్నా సరుకుకు సరిపోయే నాలుగైదు చాలు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు అమ్మాలనుకుంటే ఈబే, ఎట్సీ ఉన్నాయి. ఈబేలో శీర్షికకు 80 అక్షరాలే. ఎట్సీలో ఒక్కో సరుకుకు 13 ట్యాగులు ఇవ్వొచ్చు, ఒక్కోటి 20 అక్షరాలు మించకూడదు. అక్కడ 'వింటేజ్' అంటే కనీసం 20 ఏళ్ల నాటిదై ఉండాలి. ఇక నూరేళ్లు దాటిన కళాత్మక వస్తువులను 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం మామూలు మనుషులు దేశం దాటించకూడదు. ముత్తమ్మమ్మ చీరల విషయంలో ఇది గుర్తుంచుకోవాలి. పాత వీడియోలు చూసి మోసపోవద్దు. ఈబే భారత సైటు 2018లో మూతపడింది. పోష్‌మార్క్ 2021లో మన దేశానికి వచ్చి 2023లో వెళ్లిపోయింది.

గిరాకీ వచ్చాక జాగ్రత్త!

చీర పదిమందికి కనిపించిందంటే మోసగాడికీ కనిపించినట్టే. బేరమాడకుండా ఒప్పేసుకుని, 'డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి' అంటాడు. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పోయినట్టే. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఏ రాష్ట్రంలో ఉన్నా అదే నంబరు. సరుకు చూడ్డానికి వస్తామంటే ఇంటికి కాకుండా జనం తిరిగే చోటికి రమ్మనండి.

అమ్మకానికి అదును చూడండి

వరలక్ష్మీ వ్రతం తెలుగు, తమిళ, కన్నడ ఇళ్లన్నిటా ఉంటుంది. షోలాపుర్ వైపు గుడి పడ్వా, వినాయక చవితి. పండుగ రేపనగా పెడితే ఏం లాభం? జాకెట్టు కుట్టించుకోవడానికైనా వారం కావాలి కదా. మూడు వారాల ముందే పెట్టండి, పండుగ పేరూ రాయండి. నెల గడిచినా ఎవరూ అడగకపోతే ధర తగ్గించే ముందు శీర్షిక, మొదటి ఫొటో మార్చి చూడండి. చూసినవారు ఉన్నా ఫోన్లు రాకపోతే ధరే ఎక్కువని అర్థం. అసలు చూసినవారే లేకపోతే పేరు కుదరలేదన్నమాట. ఇంకో పేరు పెట్టి చూడండి. జరీ కొనేవాడు ఎలాగూ వీధిలోనే ఉంటాడు, అతన్ని చివర్లో పిలవొచ్చు.