నాన్నకు ఇంకోసారి ఫోన్ చెయ్యమ్మా!

హైదరాబాద్‌లోని యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ గల్లీల్లో సినిమా పని మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. నైట్ షూటింగ్‌కి వెళ్లిన నాన్న ఎప్పుడు తిరిగొస్తాడో ఎవరూ చెప్పలేరు. అలాంటి ఇంట్లో తొమ్మిదేళ్ల పాప ఉందనుకుందాం. చీకటి పడగానే "నాన్నకు ఏమన్నా అయిందేమో, ఫోన్ చెయ్యమ్మా" అని మొదలుపెడుతుంది. అమ్మ చేస్తుంది. పాప కుదుటపడుతుంది. కాసేపటికి మళ్లీ అదే పాట.

అమ్మను తప్పుపట్టలేం. ఏడుస్తున్న బిడ్డను చూస్తూ ఎవరు ఊరుకుంటారు? కానీ చిక్కంతా ఇక్కడే ఉంది. నాన్న గొంతు వినగానే కలిగిన ఊరట, "ఫోన్ చేశాం కాబట్టే గండం తప్పింది" అని పాప మనసుకు నేర్పుతుంది. చేయకపోయినా నాన్న క్షేమంగానే ఉంటాడని తెలుసుకునే అవకాశం ఆమెకు దొరకదు. బడి వేళకు కడుపునొప్పి వచ్చే పిల్లల సంగతీ ఇంతే. ఆ నొప్పి నటన కాదు, ఆందోళన పేగుల మీదా పనిచేస్తుంది. ముందు డాక్టరుకు చూపించి వేరే జబ్బు లేదని తేల్చుకోవాలి. ఆ తర్వాత కూడా బడి మానిపిస్తూ పోతే భయం ముదురుతుంది.

ఈ చిక్కు విప్పడానికి అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ రూపొందించిన 'స్పేస్' అనే పద్ధతిలో చికిత్సకులు పిల్లలతో కాదు, తల్లిదండ్రులతోనే కూర్చుంటారు. 7 నుంచి 14 ఏళ్ల పిల్లలు 124 మందితో చేసిన అధ్యయనం 2020లో అచ్చయింది. పిల్లలకు నేరుగా ఇచ్చే సీబీటీ (ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చే మాటల చికిత్స)కి ఈ పద్ధతి తీసిపోదని అందులో తేలింది. డాక్టరు దగ్గరికి రానని మొండికేసే పిల్లలున్న ఇళ్లకు ఇంతకంటే మంచి కబురు లేదు.

ఆ పద్ధతిలోని మెలకువలు ఇంట్లోనూ పాటించొచ్చు. "ఇంత దానికి భయమేంటి" అని కసరొద్దు. "నీకు భయంగా ఉందని తెలుసమ్మా, కాసేపు ఓర్చుకోగలవనీ తెలుసు" అనండి. రెండు మాటలూ కలిపే చెప్పాలి. పాప ప్రశాంతంగా ఉన్న పగటిపూటే, "ఇకనుంచి అన్నం తిన్నాక ఒక్కసారే ఫోన్" అని ముందుగా చెప్పండి. మొదటి రాత్రులు ఏడుపు ఎక్కువే ఉంటుంది. దగ్గర కూర్చోండి, వీపు నిమరండి, ఫోన్ మాత్రం తీయకండి. ఇంట్లో నానమ్మ ఉంటే ఆమెనూ ముందే ఒప్పించాలి. మనవరాలి ఏడుపు చూడలేక ఆమె చాటుగా నంబరు నొక్కిందంటే, ఇంకాస్త ఏడిస్తే పని జరుగుతుందని పాప నేర్చుకుంటుంది. పాపకు అలవాటయ్యాక ఆ ఒక్క ఫోన్‌నూ రోజు విడిచి రోజుకు మార్చొచ్చు.

వారాల తరబడి బడికి పోకపోయినా, నిద్రా తిండీ చెడినా ఇంట్లోనే నెట్టుకురావద్దు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కి రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి యూసుఫ్‌గూడ నుంచి అమీర్‌పేటలో మెట్రో మారితే చాలు. పిల్లల నోట చచ్చిపోతానన్న మాట వస్తే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే తీసుకెళ్లండి.