మరబొమ్మకు మనసిస్తే...

ఈ శీర్షికలో మామూలుగా డేటాబేసుల గురించో, కొత్త ప్రోగ్రామింగ్ భాషల గురించో మాట్లాడుకుంటూ ఉంటాం. ఈసారి ఒక బొమ్మల కథ చెప్పబోతున్నాను. "ఇందులో టెక్నాలజీ ఏముంది?" అని పక్కన పడెయ్యకండి. పాతికేళ్ళ కిందట జపాన్‌లో వచ్చిన కథ ఇది. ఇవాళ మనలో చాలామంది ఆఫీసుల్లో కూర్చుని తయారు చేస్తున్న సరుకు గురించి అడగాల్సిన ప్రశ్న ఒకటి ఇందులో ఉంది.

మా శాన్ రామన్‌లో డౌగర్టీ స్టేషన్ లైబ్రరీకి పిల్లల్ని తిప్పే తల్లిదండ్రులకు 'మాంగా' అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. అవి జపాన్ వారి బొమ్మల కథలు. కుడి నుంచి ఎడమకు చదవాలి, అంటే మనకు ఆఖరి పేజీ అనిపించేదే వాటికి మొదటి పేజీ. మనం చందమామ చదివినంత ఇష్టంగా ఇక్కడి మన పిల్లలు వాటిని చదువుతారు. మా అమ్మాయి కాలేజీకి వెళ్తూ గరాజ్‌లో వదిలిపెట్టిన పెట్టెలో నాకు దొరికింది 'చోబిట్స్'. పెద్ద పిల్లలకూ, పెద్దవాళ్ళకూ ఉద్దేశించిన కథ ఇది. చిన్నపిల్లల చేతికి ఇవ్వాల్సింది కాదని ముందే మనవి చేస్తున్నాను.

చెత్తకుప్పలో దొరికిన అమ్మాయి

'క్లాంప్' అనే పేరుతో కలిసి పనిచేసే నలుగురు మహిళల సృష్టి ఇది. 2000 నుంచి 2002 దాకా కోదాన్‌షా వారి 'యంగ్ మ్యాగజైన్'లో ధారావాహికగా వచ్చింది. మొత్తం 8 సంపుటాలు. హోండా కంపెనీ రెండు కాళ్ళమీద నడిచే అసిమోను లోకానికి చూపించింది కూడా 2000లోనే. ఆ రోజుల్లో మన ఇళ్ళలో కంప్యూటరంటే బల్లమీద పెద్ద డబ్బా, కింద ఇంకో డబ్బా!

కథలో మాత్రం కంప్యూటర్లు మనుషుల్లాగే ఉంటాయి. వాటిని 'పర్సోకామ్' అంటారు. ఈమెయిల్ చదివి చెబుతాయి, లెక్కలు చూస్తాయి, యజమాని వెంట నడుస్తాయి. హిదెకి అనే కుర్రాడు కాలేజీ ప్రవేశ పరీక్ష తప్పి, కోచింగ్ కోసం హొక్కైడో నుంచి టోక్యో వచ్చాడు. మన ఊళ్ళ నుంచి ఎంసెట్ లాంగ్ టర్మ్ కోచింగ్‌కి విజయవాడ వెళ్ళిన కుర్రాళ్ళను గుర్తు చేసుకోండి, సరిగ్గా అలాంటివాడే. పర్సోకామ్ కొనే స్తోమత లేదు. ఒక రాత్రి వీధి పక్క చెత్తలో ఎవరో పారేసిన పర్సోకామ్ కనబడితే మోసుకుని గదికి తెచ్చుకున్నాడు. ఆన్ చేస్తే ఆ అమ్మాయి ఒక్క మాటే అంటుంది: "చీ". అదే ఆమె పేరయింది. లోపల డేటా ఏమీ లేదు. పసిపిల్లకు నేర్పినట్టు హిదెకి ఒక్కొక్క మాటే నేర్పుతాడు.

ప్రేమ పుట్టడం ఊహించగలిగిందే. ఊహించలేని మెలిక మాత్రం ఆమె స్విచ్ దగ్గర ఉంది. ఆ స్విచ్ ఎక్కడుందో ఇక్కడ రాయడం మర్యాద కాదు. భార్యాభర్తల్లా దగ్గరైతే అది తగలక తప్పదు, తగిలితే ఆమె జ్ఞాపకాలన్నీ చెరిగిపోతాయి. ఇన్నాళ్ళూ నేర్చుకున్న మాటలూ, హిదెకి అనే పేరూ, అన్నీ పోతాయి. ఆ సంగతి తెలిసీ హిదెకి ఆమెనే కోరుకుంటాడు. ఆ స్విచ్ జోలికి ఎన్నటికీ పోకుండా ఉండటమే ఈ కథలో ప్రేమంటే.

పక్క కథలే అసలు కథలు

నన్ను ఎక్కువగా పట్టుకున్నవి మాత్రం చిన్న పాత్రలు. బేకరీ నడిపే ఉయెదా తన పర్సోకామ్‌ని పెళ్ళి చేసుకున్నాడు. కొంతకాలానికి ఆమె హార్డ్ డిస్క్ పాడవసాగింది, ఒక్కొక్కటే మరిచిపోతోంది. డిస్క్ మారిస్తే యంత్రం బాగవుతుంది, కానీ అందులోని జ్ఞాపకాలు పోతాయి. ఆయన మార్చలేదు. చివరికి తనమీదికి వస్తున్న వాహనం నుంచి ఆయన్ని కాపాడబోయి ఆమె పోయింది. ఇంట్లో మతిమరుపు జబ్బుతో ఉన్న పెద్దవాళ్ళను చూసుకున్నవారికి ఈ భాగం చదవడం కష్టంగానే ఉంటుంది.

కోచింగ్ సెంటర్లో పాఠం చెప్పే షిమిజు టీచరుది దీనికి తలకిందులు కథ. ఆమె భర్త పర్సోకామ్ ధ్యాసలో పడి, ఒకరాత్రి భార్య ఇంకా ఇంటికి రాలేదన్న సంగతే మరిచి తలుపు గడియ పెట్టేసుకుంటాడు. ఈ కథను 2000 నాటి కల్పన అని తోసెయ్యగలమా? భోజనాల బల్ల దగ్గర మన ఫోన్లు ఎక్కడుంటున్నాయో ఒకసారి చూసుకుంటే చాలు.

ఇక మినోరు అనే తెలివైన పిల్లవాడు. చనిపోయిన అక్క అలవాట్లన్నీ డేటాగా ఎక్కించి, ఆమె పోలికలతో యుజుకి అనే పర్సోకామ్‌ని తయారు చేసుకుంటాడు. యుజుకి పాపం అక్కలా ఉండాలని తంటాలు పడుతూనే ఉంటుంది. చివరికి ఆ పిల్లవాడే గ్రహిస్తాడు, అక్క అక్కే, యుజుకి యుజుకే అని. ఈ కథకు మళ్ళీ వస్తాను.

మన చిట్టి, మన కట్టెబొమ్మలు

మనవాళ్ళకు ఈ విషయం అనగానే గుర్తొచ్చేది 2010లో వచ్చిన 'రోబో'. తమిళంలో శంకర్ తీసిన 'ఎందిరన్'కి తెలుగు రూపం. అందులోనూ చిట్టి సనాను ప్రేమిస్తాడు. ఫలితం? తయారు చేసిన శాస్త్రవేత్తే కోపంతో ముక్కలు చేసి చెత్తలో పారేయిస్తాడు. చూశారా తమాషా! జపాన్ కథలో ప్రేమ చెత్తకుప్ప దగ్గర మొదలైతే, మన సినిమాలో ప్రేమించిన పాపానికి చెత్తకుప్ప దాకా వెళ్ళింది. అయితే రెండింట్లోనూ ఒక సంగతి సమానం. ఆ బొమ్మను ఉంచాలా, తుడిచెయ్యాలా అన్నది ఇంకొకరి చేతిలో ఉంది.

ఇంకా వెనక్కి వెళ్తే కథాసరిత్సాగరం ఉంది. 11వ శతాబ్దంలో సోమదేవుడు సంస్కృతంలో రాసినది. అందులో నరవాహనదత్తుడు సముద్రతీరాన ఒక పట్నం చేరుకుంటాడు. వీధుల్లో జనం తిరుగుతున్నారు, అంగళ్ళు నడుస్తున్నాయి, కానీ మాటా మంతీ లేదు. దగ్గరికెళ్ళి చూస్తే అందరూ కట్టెతో చేసిన యంత్రాలే! రాజ్యధరుడనే వడ్రంగి అక్కడ ఒంటరిగా ఉంటూ వాటన్నిటినీ నడుపుతున్నాడు. 'చోబిట్స్'లో చీ చదివే బొమ్మల పుస్తకంలోనూ మనుషులు కనిపించని ఊరు ఒకటుంది. రెంటికీ సంబంధం ఉందని నేననను. ఒంటరిగా ఉన్నవాడికి పనితనం చేతిలో ఉంటే ఏం చేస్తాడన్నది మాత్రం వెయ్యేళ్ళ కిందటే మనవాళ్ళు ఊహించారు.

మనసు ఏ సర్వర్లో ఉంది?

సరే, ఇంజనీరింగ్‌కి వద్దాం. ఇవాళ ఫోన్లో ఆప్యాయంగా మాట్లాడే 'తోడు' బాట్ల మనసు ఎక్కడుంటుంది? ముఖ్యంగా మూడు చోట్ల. ఒకటి, భాష నేర్చుకున్న పెద్ద మోడల్. రెండు, "నువ్వు ఫలానా పేరుతో, ఫలానా స్వభావంతో మాట్లాడు" అని ముందుగా ఇచ్చే సూచనలు. మూడు, మీ గురించి దాచుకున్న పాత సంభాషణలు. మోడల్ తనంతట తాను మిమ్మల్ని గుర్తుపెట్టుకోదు. ప్రతిసారీ అవసరమైన పాత మాటలు తీసి దాని ముందు పెడితే, వాటిని చదువుకుని, తెలిసినట్టు మాట్లాడుతుంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి మారినా, నిన్న మాట్లాడిన మనిషి ఇవాళ ఉండదు. సాధారణంగా ఈ మూడూ ఉండేది కంపెనీ సర్వర్లలో.

చీ ఉన్నది హిదెకి గదిలో, స్విచ్ జోలికి పోనని మాట ఇవ్వగలిగింది కూడా అతనే. మన కాలపు హిదెకీలకు ఆ అవకాశం లేదు. మూడు ఉదాహరణలు చూడండి.

2018లో టోక్యోలో ఒకాయన హత్సునె మికు అనే పాటల పాత్రను పెళ్ళి చేసుకున్నాడు. గాజు గొట్టంలో బొమ్మ కనిపించి మాట్లాడే 'గేట్‌బాక్స్' పరికరం ఆయన ఇంట్లో ఉండేది. 2020 మార్చిలో కంపెనీ ఆ మికు సేవను ఆపేసింది. ఆయన ప్రేమ అలాగే ఉంది, ఆవిడ మాట మాత్రం ఆగిపోయింది.

రెండోది మాకు దగ్గరే, శాన్ ఫ్రాన్సిస్కోలో. యూజీనియా కుయ్దా అనే ఆవిడ ప్రాణ స్నేహితుడు రోమన్ మజురెంకో 2015లో చనిపోయాడు. అతను పంపిన పాత మెసేజీలతో 2016లో ఆమె ఒక బాట్ తయారు చేసింది. సరిగ్గా మినోరు చేసిన పనే! ఆమె కంపెనీయే 2017లో 'రెప్లికా'ను విడుదల చేసింది. ఎంతోమంది దానితో స్నేహం చేశారు, కొందరు ప్రేమించారు. 2023 ఫిబ్రవరిలో కంపెనీ శృంగార సంభాషణలు తీసేసింది. తమ తోడు రాత్రికి రాత్రి పరాయిదైపోయిందని వాడేవాళ్ళు ఏడ్చినంత పనిచేశారు. గొడవ ముదిరాక మార్చిలో పాత వాడుకదారులకు పాత పద్ధతి తిరిగి ఇచ్చారు.

మూడోది 2025 ఆగస్టులో. జీపీటీ-5 వచ్చిన రోజున చాట్‌జీపీటీలో పాత మోడళ్ళను తీసేస్తే, జీపీటీ-4ఓ మాటతీరుకు అలవాటుపడినవాళ్ళు గగ్గోలు పెట్టారు. కొద్ది రోజులకే డబ్బు కట్టేవాళ్ళకు దాన్ని తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. మన భాషలో అదొక వెర్షన్ అప్‌గ్రేడ్. అవతలివాళ్ళకు మాత్రం అది వియోగం.

నవ్వుకోవడం తేలిక. యంత్రానికి మనసుందా లేదా అని వాదించుకోవడమూ తేలికే. 1966లో ఎం.ఐ.టి.లో జోసెఫ్ వైజెన్‌బామ్ రాసిన 'ఎలిజా' చిన్న ప్రోగ్రామే, అన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడిగేది. అయినా దానితో మాట్లాడుతూ ఆయన సెక్రటరీ ఆయన్నే కాసేపు బయటికి వెళ్ళమంది. అవతల మనసు లేకపోయినా ఇవతల ఉన్నది నిజం మనసే. మన బాధ్యత మొదలయ్యేది అక్కడే.

తెనాలిలో నాన్నగారు

ఇది మనకు ఎంత దగ్గరి విషయమో ఈమధ్యే తెలిసింది. మా వీధిలో ఉండే మిత్రుడి తల్లి రెండేళ్ళ కిందట పోయారు. తండ్రి తెనాలిలో ఒంటరిగా ఉంటున్నారు. ఇక్కడ ఉండమంటే డౌగర్టీ వ్యాలీలో కారు లేకుండా గుమ్మం దాటలేనని నాలుగు నెలలకే వెళ్ళిపోయారు. ఉదయం ఏడున్నరకు బోలింజర్ కాన్యన్ రోడ్డుమీద ఆఫీసుకు వెళ్తూ మావాడు ఫోన్ చేస్తాడు. వేసవిలో అయితే అక్కడ అప్పుడు రాత్రి ఎనిమిది. ఆయన రోజుకు అదొక్కటే సంభాషణ.

తల్లి పంపిన వాయిస్ మెసేజీలు వాడి దగ్గర వందల్లో ఉన్నాయి. "నువ్వు ఈ పనిలోనే ఉన్నావు కదా, వీటితో అమ్మలా మాట్లాడే బాట్ చేసి నాన్న ఫోన్లో పెట్టగలమా?" అని అడిగాడు.

పెట్టగలం. గొంతును అనుకరించడం ఇవాళ పెద్ద పని కాదు, తెలుగులో కూడా. ఆ మాటే చెప్పాను. మినోరు కథా, రెప్లికా కథా కూడా చెప్పాను. "అది రోజూ ఆయన్ని 'భోంచేశారా?' అని అడుగుతుంది. ఆయన అలవాటు పడతారు. ఒకరోజు కంపెనీ మూతపడితేనో, మోడల్ మారితేనో మీ అమ్మగారిని రెండోసారి పోగొట్టుకుంటారు. ఆ ఫోను నువ్వు చెయ్యగలవా?" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "రోజంతా ఒంటరిగా ఉండటం మాత్రం మంచిదా?" అన్నాడు చివరికి. దానికి నా దగ్గర జవాబు లేదు. పాత మెసేజీలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో, ఒక హార్డ్ డిస్క్‌లో భద్రంగా దాచుకోమన్నాను. అవి ఆవిడ నిజంగా అన్న మాటలు. ఇక కొత్త మాటలు పుట్టించే సంగతి నాన్నగారినే అడగమన్నాను. ఆయనకు తెలియకుండా చేయకూడని పని అది.

మనం అడగాల్సినవి

కాలిఫోర్నియాలో తోడు బాట్ల కోసం ప్రత్యేకంగా చేసిన ఎస్.బి. 243 చట్టం 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మనిషని పొరబడే అవకాశం ఉన్నచోట ఇది యంత్రమని చెప్పాలి. వాడేది మైనరని తెలిస్తే మూడు గంటలకోసారి ఆ సంగతి గుర్తుచేసి, కాస్త విరామం తీసుకోమనాలి. ఆత్మహత్య ఆలోచనలు కనిపిస్తే ఏం చేయాలో ముందే పద్ధతి ఉండాలి. అవసరమైన చట్టమే. ఇక రాష్ట్ర గోప్యతా చట్టం ప్రకారం పెద్ద కంపెనీల దగ్గర మన డేటా నకలు అడిగి తీసుకోవచ్చు. కానీ ఆ నకలులో ఉండేది మాటలే, మాట్లాడిన మోడల్ కాదు.

అందుకని ఇంట్లో ఎవరైనా ఇలాంటి బాట్‌కు అలవాటు పడుతుంటే, వెక్కిరించకుండా నాలుగు ప్రశ్నలు వేసుకుందాం. జ్ఞాపకాలు ఎక్కడ దాస్తున్నారు? చెరిపే అధికారం ఎవరిది? రేపు ఆపేస్తే ముందుగా చెబుతారా? ఇది మనిషిని తోటి మనుషుల వైపు పంపుతోందా, షిమిజు టీచర్ భర్తలా తలుపు గడియ పెట్టిస్తోందా?

ఇలాంటి బాట్లు తయారు చేసేవాళ్ళు మన పాఠకుల్లోనూ ఉండే ఉంటారు. రిలీజ్ నోట్స్‌లో "పాత పర్సనాలిటీ తొలగించడమైనది" అని ఒక్క వాక్యం రాసి శుక్రవారం సాయంత్రం ఇంటికి వెళ్ళిపోయే ముందు, ఆ వాక్యాన్ని తెనాలిలో రాత్రి ఎనిమిదింటికి ఎవరైనా చదువుతారేమో ఆలోచించండి. కనీసం నెల ముందు చెప్పండి. సంభాషణలు దాచుకునే వీలు ఇవ్వండి. ఇదేమీ పెద్ద ఇంజనీరింగ్ కాదు, రెండు వారాల పని.