ఉప్పు తీసి, ఉప్పు కలిపి

నల్లగొండ జిల్లా చిట్యాలలో ఆర్వో ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాను బండి మీద పెట్టుకొచ్చేది తాగడానికి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులున్న జిల్లా ఇది. అలాంటి చోట ఆ శుద్ధి చేసిన నీళ్లలోనే మళ్లీ ఉప్పు కుమ్మరిస్తే ఇంట్లోవాళ్లు ఊరుకోరు. ఉప్పునీటి అక్వేరియానికి మాత్రం మొదటి పని అదే.

తమాషా ఏమిటంటే, ఆర్వో పొర పుట్టిందే సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేయడానికి. 1959లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ దాన్ని తయారుచేశారు. ఇక్కడ పని తిరగబడింది. ఇంకో సంగతి: సముద్రపు నీళ్లలోనూ లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ ఉంటుంది. చేపలకు దాంతో పేచీ లేదు. బోరు నీళ్లతో అసలు చిక్కు వాటిలో కరిగిన నైట్రేటు, సిలికా లాంటివి. అవి పడితే గాజంతా నాచే.

ఈ గాజుపెట్టెకు దాదాపు రెండు వందల ఏళ్ల వయసుంది. 1832లో సిసిలీలోని మెస్సినాలో జాన్ విల్‌ప్రూ పవర్ చేయించుకుంది. ఆమె అంతకుముందు బట్టలు కుట్టేది. ఆర్గోనాట్ అనే ఆక్టోపస్ జాతి ప్రాణి తన గుల్లను తానే కట్టుకుంటుందా, ఇంకో జీవి గుల్లలో దూరుతుందా అన్న తగువు తీర్చడానికి పెట్టె కావలసివచ్చింది. తానే కట్టుకుంటుందని తేల్చింది కూడా. 1846లో ఇంగ్లండులో అన్నా థిన్ సముద్రతీరం నుంచి పగడపు జీవుల్ని లండన్ తెచ్చుకుంది. వాటికి గాలి అందాలని పనిమనిషి తెరిచిన కిటికీ దగ్గర నిలబడి నీళ్లను తిరగబోసేది, హోటల్లో చాయ్ తిరగబోసినట్టు. నన్నడిగితే ఇవాళ్టి ఎయిర్ పంపుకు తల్లి ఆ పనిమనిషే. 1854లో ఫిలిప్ గాస్ రాసిన పుస్తకంతో ‘అక్వేరియం’ అన్న మాట ఇంటింటికీ పాకింది. సముద్రం లేని ఊళ్లకోసం ఉప్పునీళ్లు ఇంట్లోనే కలుపుకునే పాళ్లు కూడా ఆయన చెప్పాడు.

అయినా చాలామంది పెంచిన చేపలు చచ్చిపోయేవి. చేప వదిలే అమ్మోనియా దానికే విషం. దాన్ని నైట్రైటుగా, ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియాను 1890 ప్రాంతంలో శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపించాడు. అక్వేరియంలో అసలు యంత్రం ఆ కంటికి కనబడని పనివాళ్లే. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ ఖరీదైన ఫిల్టర్లు లేకుండా, సముద్రపు రాళ్లు, గాలి బుడగలతోనే తొట్టి నడిపిన తీరు రాశాడు. చేతిలో డబ్బు తక్కువున్నవాడికి ఆయనే గురువు. ఒక్క హెచ్చరిక: మన దేశంలో పగడాలకు వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది. సముద్రం నుంచి ఏరిన రాళ్లు కొనొద్దు, కృత్రిమ రాళ్లు చాలు. వాటి మీదా బ్యాక్టీరియా పెరుగుతుంది.

60 లీటర్ల తొట్టికి రెండు కిలోల పైచిలుకు మెరైన్ సాల్ట్ కావాలి. కిరాణా కొట్టు ఉప్పు పనికిరాదు. సముద్రపు ఉప్పులో సోడియం, క్లోరైడ్ కలిపి నూటికి 85 పాళ్లే, మిగతాది మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం, పొటాషియం. నీళ్ల సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ 1.025 చూపించాలి. పాత తొట్టి కొనండి, స్టాండుకు బదులు గట్టి బల్ల వాడండి, కానీ ఉప్పు దగ్గరా హైడ్రోమీటర్ దగ్గరా పిసినారితనం వద్దు. బ్యాక్టీరియా పెరగడానికి చిన్న రొయ్య ముక్క వేసి నాలుగు నుంచి ఆరు వారాలు ఖాళీ నీళ్లనే చూస్తూ కూర్చోవాలి. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చాకే చేప. హేచరీలో పుట్టిన క్లౌన్‌ఫిష్ జంట చాలు.

ఇక నల్లగొండ ఎండలు. తొట్టి 28 డిగ్రీలు దాటకుండా పైన చిన్న ఫ్యాను పెడితే చల్లబడుతుంది, కాకపోతే నీళ్లు తొందరగా తగ్గుతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. అందుకని గాజు మీద గీత గీసుకుని, తగ్గినంత మేరకు రోజూ ఉత్త ఆర్వో నీళ్లే పోయండి.