కాన్పు గదిలో తొందరెందుకు?

సదాశివనగర్ మండలంలో ఒక ఊరు. ఆ ఊళ్లో బీడీలు చుట్టుకొని బతికే ఒక ఇల్లు. కోడలికి నెలలు నిండాయి. తొలి కాన్పు. సాయంత్రం సన్నగా నొప్పులు మొదలైనాయి. ఆటో మాట్లాడుకొని ఒక ప్రైవేటు దవాఖానకు పోయారు.

రాత్రి పది గంటలకు నర్సమ్మ కాగితం తెచ్చింది. "నొప్పులు సరిగ్గ వస్తలేవు. ఆపరేషన్ చెయ్యాలె. సంతకం పెట్టుండ్రి" అన్నది.

అత్త ఆగమైంది. "నేను నలుగురిని కన్న బిడ్డా! ఒక్కసారి గూడ కోత పడలే. పొద్దుగాల దాక చూడరాదా?" అని అడిగింది.

"ఏమన్న అయితే మాకు సంబంధం లేదు" అని జవాబు వచ్చింది. ఆ మాట వినగానే కొడుకు చేతులు వణికాయి. సంతకం పెట్టాడు. తల్లీ బిడ్డా బాగానే ఉన్నారు. కానీ ఆపరేషన్ ఎందుకు చేశారో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇది ఒక్క ఇంటి ముచ్చట కాదు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. ఆ సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు దవాఖానల్లోనే జరిగాయి. ఇది మంచి సంగతి. కానీ నూరు కాన్పుల్లో సుమారు 61 ఆపరేషన్లే. దేశం మొత్తం మీద చూస్తే ఆపరేషన్లు నూటికి సుమారు 22 మాత్రమే. అన్ని రాష్ట్రాల కంటే తెలంగాణలోనే ఎక్కువ.

ఇంకో లెక్క చూడండి. తెలంగాణ సర్కారు దవాఖానల్లో నూటికి 44కు పైగా ఆపరేషన్లు అయ్యాయి. ప్రైవేటులో 81కి పైగా అయ్యాయి. సర్కారు దవాఖానకు పోయినా, ప్రైవేటుకు పోయినా ఆడవాళ్ల శరీరం ఒక్కటే కదా! మరి ఇంత తేడా ఒక్క శరీరం వల్లనే రాదు. దవాఖానలో పని జరిగే తీరు వల్ల కూడా వస్తుంది.

ఆ పని తీరు ఎట్లా ఉంటుంది?

మొదటిది, సమయం. తొలి కాన్పుకు నొప్పులు గట్టిపడ్డాక కూడా పన్నెండు గంటల దాకా పట్టవచ్చు. ఆపరేషన్ అయితే గంటలోపు అయిపోతుంది. చాలా చోట్ల మత్తు డాక్టరు బయటినుంచి రావాలి. ఆయన వచ్చిన వేళకే ఆపరేషన్ పెట్టుకుంటారు. గర్భసంచి ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోవాలని ఎన్నో ఏండ్లు లెక్క పెట్టుకున్నారు. అందరికీ అట్లా జరగదని, తల్లీ బిడ్డా బాగుంటే ఆగవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది.

రెండోది, మనుషులు తక్కువ. రాత్రిపూట ఒక నర్సమ్మ ఎంతమందిని చూడగలదు? నొప్పులు పడే తల్లి పక్కన గంటల తరబడి కూర్చొనే మనిషి ఉండదు.

మూడోది, భయం. ఏదైనా జరిగితే బంధువులు గొడవకు దిగుతారు. అద్దాలు పగలగొడతారు. ఆపరేషన్ చేస్తే "చెయ్యవలసింది చేశాం" అని డాక్టరు చెప్పుకోవచ్చు. ఆగి చూస్తే "ఎందుకు ఆగినవ్?" అని అందరూ అడుగుతారు.

నాలుగోది, పైసలు. ఆపరేషన్‌కు బిల్లు ఎక్కువ. మంచం కూడా ఎక్కువ రోజులు నిండి ఉంటుంది.

అయిదోది, మాట తీరు. కాన్పు గదిలో కొందరు కసురుతారు, తిడతారు. తోడు ఎవరినీ రానీయరు. భయపడిన తల్లి "కోసి తీయుండ్రి" అని తానే అంటుంది.

తప్పంతా దవాఖానదే కాదు. ముహూర్తం చూసి ఆపరేషన్ చెయ్యమని అడిగే ఇళ్లు కూడా ఉన్నాయి.

ఆపరేషన్ చెడ్డదా?

కాదు. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ దారికి అడ్డంగా ఉన్నా, బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోతున్నా ఆపరేషనే ప్రాణం కాపాడుతుంది. అప్పుడు ఆలస్యం చెయ్యకూడదు.

అవసరం లేని కోత మాత్రం నష్టమే. రక్తం ఎక్కువ పోవచ్చు. కుట్లు చీము పట్టవచ్చు. పుట్టిన గంటలోపు బిడ్డకు ముర్రుపాలు పట్టడం కష్టమవుతుంది. తర్వాతి కాన్పులో మాయ పాత కోతకు అతుక్కొని ప్రమాదం రావచ్చు. ఆ బీడీల ఇంటి కోడలు చాలా రోజులు చాట ముందు కూర్చోలేకపోయింది. కూలి పోయింది, అప్పు మిగిలింది.

పని తీరు మారవచ్చా?

మారవచ్చు. 2017లో కరీంనగర్‌లో కొందరు నర్సులకు కాన్పులు చెయ్యడంలో ప్రత్యేక శిక్షణ మొదలైంది. తల్లి పక్కనే ఉండి, ధైర్యం చెప్పి, నడిపించి, అవసరమైతేనే డాక్టరును పిలవడం వాళ్ల పని. సర్కారు దవాఖానల్లో కాన్పు గదిలోకి ఒక ఆడతోడును రానివ్వాలని 2016లో కేంద్ర ప్రభుత్వం చెప్పింది. సర్కారు దవాఖానలో మామూలు కాన్పు అయినా, ఆపరేషన్ అయినా ఉచితం. ఈ పథకం 2011 నుంచి ఉంది.

సంతకం పెట్టే ముందు అడగండి

ఆపరేషన్ ఎందుకు? తల్లికి ప్రమాదమా, బిడ్డకు ప్రమాదమా? ఇప్పుడే చెయ్యాలా, ఇంకొంతసేపు ఆగవచ్చా? ఆగితే ఏమవుతుంది?

కోపంగా అడగొద్దు. నెమ్మదిగా అడగండి. తొమ్మిదో నెల వచ్చే దాకా ఆగకుండా ముందే ఆశా అక్కతో, ఏ.ఎన్.ఎం. అక్కతో మాట్లాడండి. ఎక్కడ కాన్పు, ఎవరు తోడు, ఏ బండి అన్నది ముందే అనుకోండి. ఒకసారి కోత పడినవాళ్లందరికీ మళ్లీ కోత పడాలని లేదు. ఆపరేషన్ వసతి ఉన్న దవాఖానలో డాక్టరును అడిగి చూడవచ్చు.

ఆ అత్త ఇప్పుడు ఒకటే మాట అంటుంది. "ఆ రాత్రి కాగితం మీద ఏం రాసి ఉన్నదో చదువరాలేదు. ఈసారి చదివినంకనే సంతకం."

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో ఈ ఏడాది ఎన్ని కాన్పులు అయ్యాయి? అందులో ఆపరేషన్లు ఎన్ని?
2. ఎందుకు చేశారో ఎంతమందికి తెలుసు?