న్యాయ దర్శనంలో ఈశ్వరానుమానం

ఈశ్వరానుమానం అనగా జగత్తుకు కర్తయైన ఈశ్వరుడు ఉన్నాడని, వేదవాక్యాన్ని ఆధారంగా తీసుకొనకుండ, తర్కం చేత నిరూపించే వాదం. హిందూ దర్శనాలలో ఈ వాదాన్ని అందరికంటె విస్తారంగా పెంపొందించినవారు నైయాయికులు. వారు సాధించదలచిన ఈశ్వరుడు ఒక్కడు, శరీరం లేనివాడు, సర్వజ్ఞుడు. "జగత్తుకు కర్త ఉన్నాడు" అన్నది ఒక అనుమానంతో తేలినదనుకొన్నా, "ఆ కర్త ఒక్కడే", "ఆయనకు శరీరం లేదు" అనే రెండు మాటలకు వేరు వేరు యుక్తులు కావలసి వచ్చాయి. ఈ వాదానికి ఎదురైన గట్టి ఆక్షేపణలు కూడా ఎక్కువగా ఈ రెండు చోట్లనే వచ్చాయి. వాటిని లేవదీసినవారు బౌద్ధులు మాత్రమే కాదు. వేదాన్ని ప్రమాణంగా నమ్మిన మీమాంసకులు, వేదాంతులు కూడా.

అనుమానం అంటే ఏమిటి?

వాడుక తెలుగులో అనుమానం అంటే సందేహం. శాస్త్రంలో దీని అర్థం దాదాపు వ్యతిరేకం: తెలిసిన గుర్తును బట్టి తెలియని దానిని నిశ్చయించడం. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉన్నదని గ్రహించడం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఇతరులను ఒప్పించడానికి చెప్పే అనుమానానికి ఐదు అవయవాలు ఉంటాయి.

1. ప్రతిజ్ఞ: కొండ మీద నిప్పు ఉన్నది.
2. హేతువు: పొగ ఉన్నది కనుక.
3. ఉదాహరణ: పొగ ఉన్న ప్రతిచోట నిప్పు ఉంటుంది, వంటశాలలో వలె.
4. ఉపనయం: ఈ కొండ మీద కూడా అట్టి పొగ ఉన్నది.
5. నిగమనం: కాబట్టి కొండ మీద నిప్పు ఉన్నది.

దేనిని గురించి నిరూపిస్తున్నామో అది పక్షం (ఇక్కడ కొండ). హేతువుకు, సాధించదలచిన దానికి గల విడదీయరాని సంబంధం వ్యాప్తి. అనుమానం బలమంతా వ్యాప్తి మీద ఆధారపడి ఉంటుంది. వ్యాప్తిలో దోషం చూపగలిగితే అనుమానం కూలిపోతుంది.

వాద చరిత్ర

గౌతముని న్యాయసూత్రాలలో ఈశ్వర ప్రసక్తి చాలా తక్కువ. నాలుగవ అధ్యాయం మొదటి ఆహ్నికంలో మూడు సూత్రాలు (19-21) మాత్రమే దీనిని గురించి చెబుతాయి. మనుష్యుడు చేసిన ప్రయత్నం ఒక్కొక్కప్పుడు ఫలించకపోవడం అక్కడ చర్చకు ప్రారంభం. వాత్స్యాయనుని భాష్యం, ఉద్యోతకరుని వార్తికం, వాచస్పతి మిశ్రుని తాత్పర్యటీక, కాశ్మీరానికి చెందిన జయంత భట్టు రచించిన న్యాయమంజరి ఈ చర్చను క్రమంగా పెంచాయి. బౌద్ధ తార్కికులతో శతాబ్దాల తరబడి సాగిన వాదప్రతివాదాలే ఈ పెరుగుదలకు ముఖ్య కారణం.

మిథిలకు చెందిన ఉదయనాచార్యుడు (క్రీ.శ. 10-11 శతాబ్దాలు) రచించిన న్యాయకుసుమాంజలి ఈ విషయానికే అంకితమైన గ్రంథం. ఇందులో ఐదు స్తబకాలు, అనగా పూలగుత్తులు, ఉన్నాయి. ఒక్కొక్క స్తబకం ప్రతిపక్షుల ఆక్షేపణ ఒకదానికి సమాధానం. మొదటి నాలుగింటిలో ఆక్షేపణలను తొలగించి, ఐదవ దానిలో ఈశ్వరుని సాధించే హేతువులను వరుసగా చెప్పాడు. తరువాత గంగేశుడు తత్త్వచింతామణిలో ఇదే వాదాన్ని నవ్యన్యాయ పరిభాషలో తిరిగి పరిశీలించాడు.

ఆంధ్రుడైన అన్నంభట్టు (17వ శతాబ్దం) రచించిన తర్కసంగ్రహం నేటికీ సంస్కృత విద్యార్థులు తర్కశాస్త్రంలో మొదట చదివే పుస్తకం. ఆత్మ రెండు విధాలని, జీవాత్మలు శరీరానికొకటిగా అనేకమని, పరమాత్మ ఒక్కడేనని ఇందులో ఉంది. దానికి తానే వ్రాసిన దీపిక అనే వ్యాఖ్యలో అన్నంభట్టు ఈశ్వరానుమానాన్ని క్లుప్తంగా ఇచ్చాడు.

ప్రధాన హేతువు: కార్యత్వం

ఈ వాదానికి మూలస్తంభం కార్యత్వ హేతువు. భూమి, మొలక మొదలైనవి ఒక కర్త చేత కలిగినవి, అవి కార్యాలు కనుక, కుండ వలె. కార్యం అనగా ఒకప్పుడు లేక, తరువాత పుట్టినది. అవయవాలు కూడి ఏర్పడినది ఏదైనా పుట్టినదే అని నైయాయికుల మతం.

ఇక్కడ కర్త అనే పదానికి నిర్దిష్టమైన అర్థం ఉన్నది. ఉపాదానం గురించిన ప్రత్యక్ష జ్ఞానం, చేయాలనే ఇచ్ఛ, ప్రయత్నం, ఈ మూడూ గలవాడు కర్త. కుమ్మరికి మట్టి గురించి తెలుసు, కుండ చేయాలని కోరిక ఉంది, ప్రయత్నం ఉంది. జగత్తుకు ఉపాదానం పరమాణువులు. పరమాణువులన్నిటిని, జీవుల పుణ్యపాపాలను నేరుగా ఎరిగినవాడే వాటిని సముచితంగా కూర్చగలడు. మానవులలో అట్టివాడు లేడు. కాబట్టి ఆ కర్త సర్వజ్ఞుడు కావాలి.

ఈ ఈశ్వరుడు శూన్యం నుండి జగత్తును సృష్టించినవాడు కాడు. పరమాణువులు, జీవాత్మలు ఆయనతో పాటు నిత్యమైనవి. ఆయన నిమిత్త కారణం మాత్రమే. కుమ్మరి కుండకు కారణమే కాని, తానే కుండగా మారడు. అద్వైతంలోని "ఒక్కటి", న్యాయంలోని "ఒక్కడు" ఒకే అర్థం గల మాటలు కావని విద్యార్థులు గమనించాలి.

ఉదయనుడు చెప్పిన ఇతర హేతువులు

కార్యత్వంతో పాటు ఉదయనుడు మరికొన్ని హేతువులను చెప్పాడు.

ఆయోజనం: సృష్ట్యాదిలో రెండు పరమాణువులు కలవాలంటే కదలిక కావాలి. అచేతనమైనవి చేతనుని ప్రేరణ లేనిదే కదలవు.

ధృతి: బరువైన లోకాలు పడిపోకుండ నిలిచి ఉన్నాయంటే ఒకరి ప్రయత్నం వాటిని నిలుపుతున్నది, పక్షి పట్టుకొని ఎగిరే పుల్ల వలె. ప్రళయంలో లోకాల నాశం కూడా ఇటువంటి ప్రయత్నం వల్లనే.

పదం: నేత మొదలైన కళలు ఒకరి నుండి ఒకరు నేర్చుకొన్నవి. ప్రళయం తరువాత మొదట నేర్పినవాడు ఒకడు ఉండాలి.

ప్రత్యయం, శ్రుతి, వాక్యం: వేదం ప్రమాణం కావడానికి, రచన కావడానికి, వాక్యసముదాయం కావడానికి విశ్వసనీయుడైన వక్త ఉండాలి.

సంఖ్యావిశేషం: రెండు పరమాణువులు కలిసిన ద్వ్యణుకానికి పరిమాణం "రెండు" అనే సంఖ్య వలన వస్తుంది. "ఇది ఒకటి, ఇది ఒకటి" అని లెక్కించే బుద్ధి లేనిదే రెండు అనే సంఖ్య పుట్టదు. సృష్ట్యాదిలో లెక్కించే జీవులు లేరు కనుక ఆ బుద్ధి ఈశ్వరునిది.

వీటిలో కొన్ని ఆనాటి పదార్థవిజ్ఞానం మీద ఆధారపడినవి. గ్రహాల గతిని గురుత్వాకర్షణ చేత వివరించే నేటి పాఠకునికి ధృతి హేతువు అప్పటి రూపంలో నిలువదు. కార్యత్వ హేతువుపై చర్చ మాత్రం ఇప్పటికీ సాగుతున్నది.

శరీరం లేని కర్త

"మనం చూసిన కర్తలందరికీ శరీరం ఉన్నది. కుమ్మరి చేతులు లేకుండ కుండ చేయలేడు. కాబట్టి ఈశ్వరునికి కూడా శరీరం ఉండాలి, లేదా ఆయన కర్త కాకూడదు" అనేది ప్రధానమైన ఆక్షేపణ. దీనికి నైయాయికులు మూడు విధాల సమాధానం చెబుతారు.

మొదటిది: కర్త లక్షణంలో ఉన్నవి జ్ఞానం, ఇచ్ఛ, ప్రయత్నం మాత్రమే, శరీరం కాదు. జీవునిలో ఈ మూడూ పుట్టడానికి శరీరం కావాలి. ఈశ్వరునిలో ఇవి నిత్యం కనుక, పుట్టవలసిన పని లేదు. శరీరంతో అవసరం లేదు.

రెండవది: జీవాత్మ తన చేతిని కదిలించేటప్పుడు మరొక చేతితో కదిలించడం లేదు. తన శరీరాన్ని కదిలించడానికి ఆత్మకు ఇంకొక శరీరం అక్కరలేదు. శరీరం సాయం లేకుండ ప్రయత్నం మాత్రం చేత కదలిక కలగడం మన అనుభవంలోనే ఉన్నది.

మూడవది: ఈశ్వరునికి శరీరం ఉన్నదంటే, అవయవాలు గల ఆ శరీరం కూడా కార్యమే. దానిని ఎవరు చేశారు? ఇంకొక శరీరంతో తానే చేశాడంటే ఆ శరీరాన్ని చేసినదెవరు? ఈ విధంగా ప్రశ్నకు అంతం లేకపోవడాన్ని అనవస్థా దోషం అంటారు.

ప్రతిపక్షులు దీనినే ప్రతి-అనుమానంగా మార్చారు: భూమి కర్త లేనిది, శరీరం గలవాని చేత పుట్టలేదు కనుక, ఆకాశం వలె. నైయాయికుల జవాబు ఇది: ఆకాశానికి కర్త లేకపోవడానికి కారణం అది అసలు పుట్టకపోవడమే. "పుట్టలేదు" అన్నంత మాత్రాన సరిపోయే చోట "శరీరం గలవాని చేత" అని చేర్చడం వ్యర్థ విశేషణం.

అయితే నైయాయికుల ఈశ్వరుడు ఎన్నడూ రూపం ధరించనివాడు కాడు. మాటల అర్థాలను, కళలను మొదటి మానవులకు నేర్పడానికి ఆయన శరీరాలను స్వీకరిస్తాడని ఉదయనుడు అంగీకరించాడు. స్వభావం చేత అశరీరి, ప్రయోజనం కొరకు శరీరధారి అని దీని సారాంశం.

కర్త ఒక్కడే ఎందుకు?

ఒక గొప్ప మేడను కట్టడానికి పలువురు పనివారు కావాలి. ఇంత పెద్ద జగత్తుకు పలువురు కర్తలు ఎందుకు ఉండరాదు? దీనికి నైయాయికుల మొదటి సమాధానం లాఘవం. ఒక్కనితో పని జరిగేచోట పలువురిని కల్పించడం గౌరవ దోషం. తర్కశాస్త్రంలో గౌరవం అంటే మర్యాద కాదు, అనవసరమైన బరువు. సర్వజ్ఞుడు కాని వారు పలువురైతే వారి పనిని కూర్చే మేస్త్రి ఒకడు కావాలి. అందరూ సర్వజ్ఞులే అయితే ఒక్కడు చాలు.

రెండవ యుక్తి యోగసూత్రాలపై వ్యాసభాష్యంలో (1.24) ఉంది. సమాన శక్తి గల ఇద్దరు ఈశ్వరులలో ఒకడు ఒక వస్తువు కొత్తగా ఉండాలని, రెండవవాడు అదే వస్తువు పాతగా ఉండాలని కోరితే, ఒకని కోరిక నెరవేరినప్పుడు రెండవవాడు ఓడిపోతాడు. ఓడినవాడు ఈశ్వరుడు కాడు. ఇద్దరి కోరికలూ ఒకేసారి నెరవేరడం విరుద్ధం. కాబట్టి సాటిలేని ఐశ్వర్యం ఒక్కనిదే.

ఆక్షేపణలు

బౌద్ధులు: ధర్మకీర్తి (7వ శతాబ్దం) ప్రమాణవార్తికంలో, "కార్యం" అనే ఒకే పేరు ఉన్నంత మాత్రాన కుండకు, కొండకు ఒకే రకమైన కారణాన్ని ఊహించరాదన్నాడు. మట్టితో అయినదే కదా అని చీమలపుట్టను కూడా కుమ్మరే చేశాడని అనుకోవలసి వస్తుంది. ఎవరూ నాటకుండ మొలిచే అడవి గడ్డిని చూపి వ్యాప్తి తప్పని చెప్పినవారూ ఉన్నారు. ఆ గడ్డి కూడా పక్షంలోనిదే. వివాదంలో ఉన్న వస్తువునే వ్యతిరేక ఉదాహరణగా చూపరాదని నైయాయికుల సమాధానం.

మీమాంసకులు: కుమారిల భట్టు శ్లోకవార్తికంలో సృష్టికర్త వాదాన్ని ఖండించాడు. సృష్టికి ముందు శరీరం లేని వానికి సృష్టించాలనే ఇచ్ఛ ఎట్లు కలుగుతుంది? దయతో సృష్టించాడంటే, దయ చూపడానికి అప్పుడు దుఃఖించే జీవులు ఎవరున్నారు? అన్నవి అతని ప్రశ్నలు.

సాంఖ్యులు: సాంఖ్యసూత్రాలలో (1.92) ఈశ్వరుడు ప్రమాణంతో సిద్ధించలేదని ఉన్నది. ఇది లేడని చెప్పడం కాదు, నిరూపించబడలేదని చెప్పడం మాత్రమే అని విజ్ఞానభిక్షువు వ్యాఖ్యానించాడు.

వేదాంతులు: బ్రహ్మం శాస్త్రం వలన తెలియదగినదని, తర్కం దానికి తోడు మాత్రమేనని శంకరాచార్యుల అభిప్రాయం. ఈశ్వరుడు కేవలం నిమిత్త కారణమనే మతాన్ని ఆయన బ్రహ్మసూత్ర భాష్యం రెండవ అధ్యాయంలో ఖండించారు. రామానుజాచార్యులు శ్రీభాష్యంలో (1.1.3) ఇంకా ముందుకు వెళ్ళి ఈ అనుమానాన్నే విడదీసి పరీక్షించారు. భూమి, సముద్రం మొదలైనవన్నీ ఒకేసారి, ఒక్కని చేత పుట్టాయనడానికి ఆధారం లేదు. వేరు వేరు కాలాలలో, పుణ్యబలం గల వేరు వేరు జీవులు చేసి ఉండవచ్చు. శరీరం లేని కర్త ఎక్కడా కనిపించడు. ఈశ్వరునిపై ఆయనకు సందేహం లేదు. అనుమానం కర్త వరకు మాత్రమే తీసుకొనిపోగలదు, పరమాత్మ వరకు తీసుకొనిపోలేదని ఆయన వాదన.

ఆధునిక కాలంలో

19వ శతాబ్దంలో నిరాకారుడైన ఏకేశ్వరుని గురించిన యుక్తులు మళ్ళీ ముందుకు వచ్చాయి. రాజా రామమోహన రాయ్ 1828లో బ్రహ్మసమాజానికి పునాది వేశాడు. తెలుగునాట కందుకూరి వీరేశలింగం, రఘుపతి వేంకటరత్నం నాయుడు ఈ సమాజ మార్గాన్ని అనుసరించారు. 1875లో ఆర్యసమాజాన్ని స్థాపించిన దయానంద సరస్వతి సత్యార్థప్రకాశంలో, ఈశ్వరునికి ఆకారం ఉంటే ఆ అవయవాలను కూర్చినవాడు వేరొకడు ఉండాలని వాదించాడు. అనవస్థా యుక్తికి ఇది దగ్గరి చుట్టం. అయితే ఉదయనుని వలె ఈశ్వరుడు ప్రయోజనం కొరకు శరీరం ధరిస్తాడని దయానందుడు ఒప్పుకొనలేదు, అవతారాలను నిరాకరించాడు.

వాదం యొక్క ప్రయోజనం

అందరూ ఏదో ఒక పేరుతో ఈశ్వరుని ఆరాధిస్తూనే ఉండగా నిరూపణ ఎందుకని ఉదయనుడే కుసుమాంజలి ప్రారంభంలో ప్రశ్న వేసుకొన్నాడు. ఉపనిషత్తులు శ్రవణం, మననం, నిదిధ్యాసనం అని మూడు మెట్లు చెప్పాయి. విన్నదానిని యుక్తితో పరిశీలించడం మననం. కనుక ఈ తర్కచర్చ కూడా ఒక ఉపాసనయే అని అతని సమాధానం. గ్రంథానికి కుసుమాంజలి, అనగా దోసిలిలోని పూలు, అని పేరు పెట్టడంలోని ఉద్దేశం కూడా ఇదే. ఈ సంప్రదాయంలో ఈశ్వరుని ప్రశ్నించడం భక్తికి వ్యతిరేకంగా భావించబడలేదు. నమ్మినవాడు తన నమ్మకానికి హేతువు చెప్పాలి. ఆ హేతువులో దోషాన్ని చూపే హక్కు ఎదుటివానికి, అతడు ఆస్తికుడైనా నాస్తికుడైనా, ఉంటుంది.