పాత బండి - కొత్త లెక్క



మనం ఉండే ఏఎస్ రావు నగర్ ఇప్పుడు పెద్ద పెద్ద బిల్డింగుల కాలనీ. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల కాప్రా, కుషాయిగూడ అన్నీ ఊళ్ళే. చుట్టూ పొలాలే. 1967లో ఈసీఐఎల్ కంపెనీ వచ్చింది. ఆ కంపెనీని నిలబెట్టిన శాస్త్రవేత్త డాక్టర్ ఎ.ఎస్. రావు గారు. ఆయన పేరే ఈ కాలనీకి పెట్టారు. కంపెనీలు వచ్చాయి. ఇండ్లు వచ్చాయి. పొలాలు పోయాయి. పొలాలతో పాటు ఎడ్లబండ్లూ పోయాయి.

ఘట్‌కేసర్, బీబీనగర్ దాటి పల్లెల్లోకి పోతే ఇంకా కొన్ని కనిపిస్తాయి. పశువుల కొట్టం వెనక, చింతచెట్టు కింద ఒక పాత బండి పడి ఉంటుంది. ట్రాక్టర్ వచ్చాక దానికి పని లేదు. ఎండకు ఎండి, వానకు తడిసి పాడైపోతూ ఉంటుంది.

ఆ బండిని కొని, బాగు చేసి, మళ్ళీ అమ్మితే నాలుగు రూపాయలు మిగులుతాయా? మిగులుతాయి. తెలియక కొంటే ఉన్నవీ పోతాయి. సంఘంలో పొదుపు చేసిన డబ్బు పెట్టే ముందు ఈ పని సంగతి తెలుసుకుందాం.

బండిలో ఏమేమి ఉంటాయి?

బండికి ప్రాణం చక్రం. మన వైపు గీర అంటారు. గీర నడుమ లావుగా ఒక దిమ్మె ఉంటుంది. దిమ్మె నుంచి నాలుగు పక్కలకూ ఆకులు ఉంటాయి. ఆకుల చివర వంపు చెక్కలు ఉంటాయి. వాటి మీద చుట్టూ ఇనుప పట్టా ఉంటుంది. రెండు గీరలను కలిపేది ఇరుసు. గీర ఊడిపోకుండా ఇరుసు చివర సీల ఉంటుంది. ముందుకు పొడుగ్గా ఉండేది నొగ. ఎడ్ల మెడ మీద ఉండేది కాడి.

గీరలకు తుమ్మ కర్ర మంచిది. గట్టిగా ఉంటుంది. దెబ్బకు ఆగుతుంది.

కొనే ముందు ఏం చూడాలి?

ఒక చిన్న సుత్తి, ఒక కత్తి వెంట తీసుకుపోండి. కర్రను సుత్తితో కొట్టి చూడండి. గట్టి కర్ర ఖంగుమంటుంది. లోపల డొల్ల అయితే బొదబొదమంటుంది. కత్తి మొనతో గుచ్చండి. సులువుగా దిగితే కర్ర పుచ్చిపోయింది. బండి కింద నేల మీద సన్నని పొడి రాలి ఉందా? అయితే పురుగు పట్టింది. మట్టి గీతలు ఉన్నాయా? అయితే చెదలు పట్టింది.

గీరను చేత్తో పట్టి అటూ ఇటూ ఊపండి. ఆకులు కదులుతుంటే కంగారు పడొద్దు. అది బాగవుతుంది. నడిమి దిమ్మె పగిలితే మాత్రం ఆగండి. దిమ్మె పోతే గీర మొత్తం కొత్తగా చేయించినంత ఖర్చు.

కొత్తగా రంగు వేసిన పాత బండిని ఇంకా జాగ్రత్తగా చూడండి. రంగు కింద ఏమైనా దాగి ఉండవచ్చు.

వదులైన పట్టా ఎలా బిగుస్తుంది?

ఎండాకాలం కర్ర ఎండి కొంచెం చిన్నదవుతుంది. అప్పుడు ఇనుప పట్టా వదులవుతుంది. అందుకే రైతులు గీరలను చెరువు నీళ్ళలో నానబెడతారు. కర్ర నీళ్ళు తాగి ఉబ్బుతుంది. పట్టా బిగుస్తుంది. కాని ఇది కొన్నాళ్ళ ముచ్చటే. కర్ర ఎండితే మళ్ళీ వదులు.

అసలు మరమ్మతు కమ్మరి చేస్తాడు. పట్టాను కొంచెం కోసి, మళ్ళీ అతికిస్తాడు. ఇప్పుడు పట్టా గీర కన్నా కొద్దిగా చిన్నది. చిన్న పట్టా పెద్ద గీరకు ఎలా ఎక్కుతుంది? పట్టా చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాలుస్తారు. ఇనుము వేడికి సాగుతుంది. సాగిన పట్టాను పట్టకార్లతో ఎత్తి గీరకు తొడుగుతారు. వెంటనే నీళ్ళు పోస్తారు. ఇనుము చల్లారి ముడుచుకుంటుంది. ఆకులను, చెక్కలను, దిమ్మెను అన్నిటినీ ఒక్కసారిగా బిగిస్తుంది.

ఈ పని అందరూ చేయలేరు. చేయి తిరిగిన కమ్మరి కావాలి. అలాంటివారు ఇప్పుడు తక్కువ. కాబట్టి ముందు కమ్మరిని, వడ్రంగిని మాట్లాడుకోండి. తరువాతే బండి కొనండి.

మనం చేయగల పని కూడా చాలా ఉంది. తుప్పు గీకడం, ఇనుముకు ఎర్ర ప్రైమర్ వేయడం, కర్రకు అవిసె నూనె పట్టించడం, ఇరుసుకు కందెన పెట్టడం, రంగులు వేయడం.

లాభం లెక్క

ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒక బండి కొన్నారనుకుందాం. ఇవి లెక్క నేర్చుకోవడానికి అనుకున్న అంకెలు. మీ ఊరి ధరలు వేసుకొని మీరు మళ్ళీ లెక్క చేయండి.

బండి ధర - 6,000 రూపాయలు
తెచ్చిన కిరాయి - 1,500
కర్ర - 1,800
వడ్రంగి కూలి - 2,000
కమ్మరికి - 1,200
రంగు, నూనె - 500
మొత్తం - 13,000 రూపాయలు

బండిని 15,000కు అమ్మారు. రెండు వేలు లాభం అని సంతోషపడ్డారు. నిజంగా లాభమేనా?

ఇద్దరూ మూడేసి రోజులు పని చేశారు. అంటే ఆరు కూళ్ళు. కూలి 400 చొప్పున 2,400 రూపాయలు. డబ్బు సంఘంలో అప్పు తెచ్చారు. నూటికి నెలకు రూపాయి వడ్డీ. రెండు నెలలకు 260 రూపాయలు. అన్నీ కలిపితే ఖర్చు 15,660. అంటే 660 రూపాయలు నష్టం!

ఆడవాళ్ళ కష్టాన్ని లెక్కలో వేయకపోవడం మన ఇండ్లలో పాత అలవాటు. మన చేతుల కష్టం ఊరికే రాలేదు. అదీ ఖర్చే. రాయాల్సిందే.

ఇప్పుడు అదే బండిని బేరం చేసి 4,500కు కొన్నారనుకోండి. వడ్డీ 230 అవుతుంది. మొత్తం ఖర్చు 14,130. కూలి పోను 870 రూపాయలు లాభం. చూశారా? ఈ వ్యాపారంలో లాభం అమ్మేటప్పుడు కన్నా కొనేటప్పుడే పుడుతుంది.

ఎవరు కొంటారు?

ఎడ్లున్న చిన్న రైతు కొంటాడు. రోడ్డు పక్క దాబాల వాళ్ళు, తోటల వాళ్ళు అందానికి కొంటారు. అందానికి పెట్టే బండికి రంగు బాగుంటే చాలు. రైతు కొనే బండి అట్లా కాదు. సీల వదులైతే గీర ఊడిపోతుంది. మనుషులు పడతారు. బరువు ముందుకు ఒరిగితే ఎడ్ల మెడలు పుండ్లు పడతాయి. లోపం ఉంటే దాచకుండా చెప్పండి. ఒక్కసారి మోసపోయిన ఊరు మళ్ళీ మన బండి కొనదు.

కాగితం మరవొద్దు

ఎడ్లబండి కొన్నా అమ్మినా ఒక రశీదు రాయించండి. అందులో తేదీ, ఇద్దరి పేర్లు, ఊళ్ళు, ధర, ముట్టిన డబ్బు ఉండాలి. సాక్షుల సంతకాలు ఉండాలి. పూర్తిగా చదివి సంతకం చేయండి. ఖాళీ కాగితం మీద ఎవరు అడిగినా సంతకం చేయొద్దు.

ట్రాక్టర్ ట్రాలీ కొంటే రశీదు ఒక్కటే చాలదు. ట్రాలీకి కూడా రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఆర్‌సీ చూడండి. దాని మీద నంబరు, ట్రాలీ మీద నంబరు ఒకటేనా? బ్యాంకు అప్పు ఉన్నట్టు రాసి ఉందా? ఉంటే అప్పు తీరినట్టు బ్యాంకు కాగితం అడగండి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అమ్మినవారు 14 రోజుల లోపల, కొన్నవారు 30 రోజుల లోపల ఆర్టీఓ ఆఫీసుకు తెలపాలి. దీనికి 29, 30 నంబరు ఫారాలు ఉన్నాయి. పేరు మారకుండా ట్రాలీ ఇచ్చేస్తే, రేపు అది ఎవరినైనా గుద్దితే నోటీసు మన ఇంటికే వస్తుంది.

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అంటారు పెద్దలు. పాత బండి మనకు ఓడ కావాలంటే చూసి కొనాలి. రాసి ఖర్చు పెట్టాలి. చదివి సంతకం చేయాలి. మొదట ఒక్క బండితో మొదలు పెట్టండి. అది అమ్ముడుపోయాకే రెండోది కొనండి.

ఆలోచించండి - చెప్పండి

1. ఎర్రగా కాల్చిన పట్టా మీద నీళ్ళు ఎందుకు పోస్తారు?
2. పై లెక్కలో బండిని 5,000కు కొంటే లాభమా, నష్టమా? ఎంత?
3. నిన్న మీరు ఇంట్లో, బయట చేసిన పనులన్నీ రాయండి. వాటికి కూలి కట్టి చూడండి.